దారిమళ్లింపు గారి సర్వీసు పుస్తకం

కొయ్యవలస జిల్లా నాటు పడవల నమోదు కార్యాలయానికి గుమ్మం ఒక్కటే. అందులోనూ ఒక రెక్కే తెరుచుకుంటుంది. రెండో రెక్క వెనక ఒక పాత బీరువా ముప్ఫయ్యేళ్లుగా మకాం వేసింది. అలాంటి కార్యాలయానికి ఇంటర్నెట్టులో మాత్రం నాలుగు గుమ్మాలున్నాయన్న సంగతి మార్చి పన్నెండో తేదీన, రాజధాని నుంచి జరిగిన వీడియో సమీక్షలో బయటపడింది.

విషయం చిన్నదే. కార్యాలయం వెబ్‌సైటు చిరునామాకు ముందు మూడు డబ్ల్యూలు కొట్టినా మొదటి పేజీ తెరుచుకుంటుంది, కొట్టకపోయినా తెరుచుకుంటుంది. చివర గీత పెట్టి 'ఇండెక్స్' అన్నా అదే పేజీ, 'హోమ్' అన్నా అదే పేజీ. మనిషి కంటికి అది ఒక్కటే. యంత్రానికి మాత్రం నాలుగు. సెర్చి ఇంజను వాటిని నాలుగు వేరు వేరు ఇళ్లుగా రాసుకుని, వచ్చిన చుట్టాలను నాలుగు వాటాలు వేసింది. ఆ లెక్కన తీర జిల్లాల వెబ్‌సైట్ల ప్రజాదరణ పట్టికలో కొయ్యవలస చివరి నుంచి రెండోదిగా తేలింది. చివరి జిల్లాకు ఇంకా వెబ్‌సైటు లేదు.

ఉప సంచాలకులు చింతా పరదేశినాయుడు గారు ఆ సమీక్షలో తలదించుకుని కూర్చున్నారు. ఒక మనిషి పేర నాలుగు రేషను కార్డులు దొరికితే ఎంత నామర్దాయో అంత నామర్దా అయింది ఆయనకు. సమీక్ష ముగియగానే విశాలాక్షిని పిలిపించారు.

శంబంగి విశాలాక్షి ఆ కార్యాలయంలో కంప్యూటరు ఆపరేటరు. వెబ్‌సైటు ఆమే కట్టింది, సర్వరును ఆమే చూసుకుంటుంది, ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే ఆమే లాగుతుంది. పదకొండేళ్లుగా చేస్తోంది, తాత్కాలికంగా. అంటే ఎనభై తొమ్మిది రోజులు ఉద్యోగం, తొంభయ్యో రోజు విరామం, తొంభై ఒకటో రోజున కొత్త నియామకం. విరామం లేకుండా తొంభై రోజులు నిండితే మనిషికి పర్మనెంటు అయ్యే హక్కు పుడుతుందని ఆ శాఖలో ఒక నిబంధన ఉంది. ఆ హక్కు పుట్టకుండా చూడటం కోసం ఆ విరామం ఉంది. ఆగస్టు పందొమ్మిదికి విశాలాక్షికి నలభై అయిదు నిండుతాయి. ఆ తర్వాత వయసు మీరిందని, ఆమెను పర్మనెంటు చేయమని అడిగే ఫైలు కూడా కదలదు. ఆమెకు ఈ లోకంలో వేరే కోరికలు లేవని కాదు గాని, ఈ ఒక్కటీ తీరితే మిగతావాటి సంగతి తర్వాత చూసుకోవచ్చని ఆమె నమ్మకం.

నాయుడు గారు అడిగిందానికి ఆమె నింపాదిగా జవాబు చెప్పింది. సర్వరులో ఒక్క వరుస రాస్తే చాలు. మిగతా మూడు చిరునామాలకు వచ్చినవాళ్లను సర్వరే నాలుగోదానికి పంపేస్తుంది. దీన్ని దారిమళ్లింపు అంటారు. ఈ ఇల్లు శాశ్వతంగా అక్కడికి మారిపోయిందని చెబితే సెర్చి ఇంజను కూడా ఒప్పేసుకుని నాలుగు ఖాతాలనూ ఒక్కటి చేస్తుంది. పైగా మూడు డబ్ల్యూల గుమ్మంలో లాగిన్ అయినవాణ్ని డబ్ల్యూలు లేని గుమ్మం గుర్తుపట్టక మళ్లీ లాగిన్ అడుగుతోంది, జాలర్లు దరఖాస్తు పెట్టలేక గింగిరాలు తిరుగుతున్నారు, ఆ బాధా పోతుంది. ఎంతసేపు పడుతుందని ఆయన అడిగారు. రెండు నిమిషాలంది.

రెండు నిమిషాల్లో అయ్యే పని ప్రభుత్వ కార్యాలయంలో ఎవరికైనా అనుమానం తెప్పిస్తుంది. నాయుడు గారు సూపరింటెండెంటు కిల్లాడ రామజోగిని పిలిచారు. రామజోగికి నిబంధనల పుస్తకం కంఠతా వచ్చు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారి రామజోగి. ఆయన అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"శాశ్వతం అన్నావు. రాసేది ఎవరు?"

"నేనేనండి."

"నువ్వు తాత్కాలికం. తాత్కాలిక ఉద్యోగి చేతి మీదుగా శాశ్వతమైన ఏర్పాటు ఎలా జరుగుతుందమ్మా? రేపు ఆడిట్లో నన్నడిగితే నేనేం చెప్పను?"

నాయుడు గారికి అది గొప్ప ధర్మసూక్ష్మంలా కనిపించింది. శాశ్వతం అన్న మాట ఏ కాగితం మీద కనపడినా ఆర్థిక శాఖ ఆమోదం, సాధారణ పరిపాలన శాఖ సమ్మతి, మంత్రివర్గ ఉపసంఘం పరిశీలన కావాలని రామజోగి వివరించాడు. పోనీ తాత్కాలికమైన దారిమళ్లింపు ఏమైనా ఉందా అని నాయుడు గారు ఆశగా అడిగారు. ఉందని ఒప్పుకుంది విశాలాక్షి. సర్వర్ల భాషలో శాశ్వతం మూడువందల ఒకటి, తాత్కాలికం మూడువందల రెండు. తేడా ఒక్క అంకె. కాకపోతే సెర్చి ఇంజను తాత్కాలికాన్ని అంతగా నమ్మదని చెప్పింది. తాత్కాలికాన్ని ఎవరు నమ్ముతారు గనక అని లోపల అనుకుంది.

అలా మార్చి పదిహేడో తేదీ ఉదయం, విశాలాక్షి పదహారున విరామం గడిపి కొత్త గడువులో చేరిన రోజునే, దారిమళ్లింపు తాత్కాలిక ప్రాతిపదికన ఉద్యోగంలో చేరింది. తాత్కాలికం అన్నాక తాత్కాలిక నియామకాల నిబంధనలన్నీ వర్తిస్తాయి గదా. రామజోగి అచ్చం విశాలాక్షి నియామకపు ఉత్తర్వునే ముందు పెట్టుకుని, పేరు మార్చి తయారుచేశాడు. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, దారిమళ్లింపు అనబడు ఏర్పాటును ఎనుబది తొమ్మిది దినముల కాలమునకు నియమించడమైనది. సదరు దారిమళ్లింపు భవిష్యత్తులో క్రమబద్ధీకరణ కోరుటకు ఎట్టి హక్కు కలిగియుండదు. ఎట్టి నోటీసు లేకుండా తొలగింపబడుటకు సమ్మతించవలెను.' ఆ ఉత్తర్వును టైపు చేసింది విశాలాక్షే. ఆ వాక్యాలు ఆమెకు చూడకుండానే వచ్చు. సమ్మతి పత్రం మీద దారిమళ్లింపు సంతకం పెట్టలేదు కాబట్టి, దాని తరఫున ఆమె పెట్టింది.

ఆ రోజు నుంచి హాజరుపట్టీలో ఆమె పేరు కింద ఇంకో పేరు వెలిసింది. ఆమె రోజూ తన గడిలో ఒకటి, దాని గడిలో 'దారిమళ్లింపు తరఫున' అని ఒకటి, రెండు సంతకాలు పెట్టేది. పది రోజుల తర్వాత, నడవడి విచారణ కోసం పోలీసు స్టేషను నుంచి ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. అభ్యర్థి ఎక్కడుంటాడని అడిగితే విశాలాక్షి సర్వరు గదిలోకి తీసుకెళ్లి చూపించింది. ఆయన ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, పక్కనే ఉన్న ఇన్వర్టరునూ చూసి, 'స్థిరనివాసి. దురలవాట్లు లేవు. ఇరుగుపొరుగువారిలో మంచి అభిప్రాయము కలదు' అని రాసుకుని, టీ తాగి వెళ్లాడు. శరీర దారుఢ్య ధ్రువపత్రం దగ్గర మాత్రం కొంచెం చిక్కొచ్చింది. జిల్లా ఆసుపత్రి డాక్టరు గారు సర్వరును తాకి చూసి, జ్వరం ఉన్నట్టుందని సందేహించారు. యంత్రానికి ఆమాత్రం వేడి మామూలేనని ఒప్పించేసరికి విశాలాక్షికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంత తతంగం నడిచినా, చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. దారిమళ్లింపు పని చేసింది. చుట్టాలంతా ఒక్క గుమ్మం నుంచే రావడం మొదలైంది. జాలర్ల దరఖాస్తులు గింగిరాలు తిరగడం మానేసి సూటిగా వచ్చి పడుతున్నాయి. ఏప్రిల్ నెల పట్టికలో కొయ్యవలస అయిదో స్థానానికి ఎక్కింది. నాయుడు గారు సిబ్బంది సమావేశంలో దారిమళ్లింపును పేరు పెట్టి మెచ్చుకున్నారు. కొత్తగా చేరినవారిని చూసి పాతవారు క్రమశిక్షణ నేర్చుకోవాలన్నప్పుడు ఆయన చూపు విశాలాక్షి మీద ఆగింది. ఆమె, మెచ్చుకున్నది తను రాసిన వరుసనే గదా అని సర్దుకుంది.

జూన్ పదమూడుతో ఎనభై తొమ్మిది రోజులు నిండాయి. ఆమెకూ, దానికీ, ఒకే రోజున. రామజోగి పన్నెండునే విరామ ఉత్తర్వులు రెండూ పక్కపక్కన పెట్టాడు. పద్నాలుగున దారిమళ్లింపు విధుల్లో ఉండరాదు. దాన్ని తీయాల్సిన విశాలాక్షీ ఆ రోజున ఉద్యోగి కాదు. అందుకని పదమూడు సాయంత్రమే తీసేసి, ఇద్దరూ పదిహేను ఉదయం మళ్లీ చేరాలి.

పద్నాలుగు వేట నిషేధానికి చివరి రోజని విశాలాక్షి గుర్తుచేసింది. రెండు నెలలుగా ఒడ్డున ఉన్న పడవలన్నీ మర్నాడు తెల్లారకముందే సముద్రంలోకి దిగుతాయి. నమోదు కాని పడవను దిగనివ్వరు. అందరూ చివరి రోజునే దరఖాస్తు పెడతారు, అది లోకధర్మం. సరిగ్గా ఆ రోజున నాలుగు గుమ్మాలూ తెరిస్తే ఎలాగండి అంది. రామజోగి ఆమె వైపు జాలిగా చూసి, సముద్రం కోసం సర్వీసు రూల్సు మార్చలేమన్నాడు.

విరామపు రోజు పొద్దున విశాలాక్షి డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెడుతోంది. పదకొండేళ్లలో నలభైకి పైగా విరామాలు చూసింది. మొదట్లో ఆ రోజు ఏడుపొచ్చేది. తర్వాత ఊరగాయలకీ వడియాలకీ కేటాయించుకుంది. మధ్యాహ్నం రెండింటికి కింద వీధిలో ఎవరో పిలిచారు. చూస్తే మైలపల్లి దానయ్య. పిట్టపాలెం రేవులో పడవ ఉంది ఆయనకు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పడవ కాగితాలు. వెనక ఇంకో పదిమంది.

పొద్దున్న ఏడింటి నుంచీ నెట్ షాపులో కూర్చున్నారట. లాగిన్ అవుతోందట, రెండో పేజీకి వెళ్లేసరికి మళ్లీ లాగిన్ అడుగుతోందట. రేవులో అరవై మూడు పడవలు అలాగే ఉన్నాయట. కార్యాలయానికి వెళితే, ఆపరేటరు ఇవాళ లేదు, రేపు రమ్మన్నారట.

"రేపొచ్చి ఏటి సేస్తామమ్మా. రేపు ఊరంతా ఏటకెల్లిపోద్ది. మేం ఒడ్డునుండి సూడాల."

తను ఇవాళ ఉద్యోగిని కానని విశాలాక్షి చెప్పింది. చెబుతుంటే ఆమెకే సిగ్గేసింది. దానయ్య కొంతసేపు ఆలోచించాడు.

"ఈయేళ కావా. మరి నిన్న?"

"నిన్న ఉద్యోగినే."

"రేపు?"

"రేపు మళ్లీ అవుతాను."

"మరీయేళ నీకు పని మర్సిపోయిందేటమ్మా?"

విశాలాక్షి ఉప్పు చేతులు కడుక్కుని కిందికి దిగింది. ఫోను తీసి సర్వరులోకి వెళ్లి, నిన్న సాయంత్రం తీసేసిన ఆ ఒక్క వరుసనూ మళ్లీ రాసింది. రెండు నిమిషాలు పట్టింది. సాయంత్రం అయిదున్నరకల్లా అరవై మూడు పడవలూ నమోదయ్యాయి. ఈలోగా కాకులు వచ్చి మాగాయ ముక్కలు సగం ఎత్తుకుపోయాయి.

మర్నాడు కార్యాలయానికి వెళ్లేసరికి బల్ల మీద మెమో ఉంది. ఉద్యోగి కాని దినమున ఉద్యోగ విధులు నిర్వర్తించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు దినములలో తెలియజేయవలెను. ఉద్యోగిని కాని రోజున తన మీద శాఖ చర్య ఎలా తీసుకుంటుందని ఆమె జవాబు రాద్దామనుకుంది. ఆగస్టు గుర్తొచ్చి మానుకుంది. పొరపాటు జరిగింది, క్షమించమని రాసి ఇచ్చింది. తప్పు చేశానని ఆమె ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అయినా రాసింది.

అసలు పిడుగు ఆ తర్వాత పడింది. విచారణ కోసం సర్వరు చిట్టా తెప్పించిన రామజోగి, దాన్ని చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. చిట్టాను రెండు చేతులతో పట్టుకుని నాయుడు గారి గదికి పరిగెత్తాడు.

"అయ్యా, పద్నాలుగో తేదీన దారిమళ్లింపు పని చేసింది. విరామం చెల్లదు. తొంభై రోజులు నిండిపోయాయి. దానికి హక్కు పుట్టింది."

నాయుడు గారు నీళ్లు తాగారు. ఆ నిబంధన రాసిన ఏ అధికారీ ఇలాంటి రోజు వస్తుందని అనుకుని ఉండడు. ఇప్పుడు దారిమళ్లింపును తీసేస్తే కోర్టుకెక్కుతుందేమోనని ఆయన భయం. యంత్రం కోర్టుకు ఎలా వెళ్తుందని విశాలాక్షి అడగబోయింది. దాని తరఫున సంతకాలన్నీ తనవే కదా అని గుర్తొచ్చి నోరు మూసుకుంది. అప్పుడే ఆమెకు ఇంకో సంగతి కూడా తట్టింది.

"అయ్యా, ఆ రోజున నేనూ పని చేశాను. నాకూ తొంభై నిండాయి కదండీ?"

రామజోగి ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు హాజరుపట్టీ తెరిచాడు. పద్నాలుగో తేదీ గడిలో ఆమె సంతకం లేదు. దారిమళ్లింపుదీ లేదు, నిజమే. కాని దానికి చిట్టా ఉంది. సెకన్లతో సహా రాసి ఉంది. ఆమెకున్న రుజువల్లా ఆ మెమో. మెమో దుష్ప్రవర్తనకు రుజువవుతుంది గాని సర్వీసుకు రుజువు కాదని ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. ఆమె సర్వరు గదిలోకి వెళ్లి, చల్లగాలి యంత్రం హోరులో ఎవరికీ వినపడకుండా ఏడ్చింది.

దారిమళ్లింపు క్రమబద్ధీకరణ ఫైలు పరిగెత్తింది. పదకొండేళ్లుగా విశాలాక్షి ఫైలు ఏ బల్లల మీద దుమ్ము తిన్నదో, అవే బల్లల మీద నుంచి ఇది నలభై రోజుల్లో రాజధానికి చేరింది. తొంభై రోజుల నిరంతర సేవ, ఒక్కరోజు సెలవు లేదు, నడవడి మీద పోలీసు నివేదిక ఉంది, జ్వరం సంగతి డాక్టరు గారే కొట్టేశారు. ఇలాంటి అభ్యర్థి తమ సర్వీసులో తగల్లేదని ఆర్థిక శాఖ వారు మెచ్చుకుంటూ రాశారు. ఆగస్టు పద్దెనిమిదిన ఉత్తర్వు వచ్చింది. మూడువందల రెండును మూడువందల ఒకటిగా మార్చవచ్చు. అంకెను మార్చింది విశాలాక్షి. తాత్కాలిక ఉద్యోగి శాశ్వతమైన మార్పు చేయరాదన్న అడ్డంకిని రామజోగే పరిష్కరించాడు. ఆమె మీట నొక్కుతున్నంతసేపూ ఆయన, శాశ్వత ఉద్యోగి హోదాలో, ఆమె మోచేతి మీద వేలు ఆన్చి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం సన్మానసభ జరిగింది. నాయుడు గారు ఉపన్యసించారు. నిబద్ధత గల సేవను ప్రభుత్వం ఎన్నడూ మరువదనడానికి ఇదే తార్కాణమన్నారు. సర్వరుకు దండ వేశారు. ఎర్ర అంచు పట్టు శాలువా కప్పారు. శాలువాను వస్తువుల రిజిస్టరులో దారిమళ్లింపు పేరున నమోదు చేసి, సన్మానచిహ్నము గనుక ఎవరూ తొలగించరాదని చీటీ అంటించారు. మర్నాడు విశాలాక్షికి నలభై అయిదు నిండాయి. ఇంట్లో భర్త పాయసం చేయించాడు. ఆమె తిని, బాగుందంది.

ఆమె పనుల్లో దారిమళ్లింపు హాజరు, పునర్నియామకం, విరామం వగైరాలకే రోజూ గంటన్నర పడుతున్నట్టు తనిఖీలో తేలింది. శాశ్వతమయ్యాక ఆ పనుల్లేవు కాబట్టి ఆపరేటరు కూడా అవసరం లేదని నిర్ణయమైంది. సెప్టెంబరు పదకొండుతో ఆమె గడువు తీరుతుంది. ఆ తొలగింపు ఉత్తర్వు కూడా ఆమే టైపు చేస్తూ, ఒకచోట ఆగి, 'శాశ్వతముగా తొలగించడమైనది' అని రాయాలా అని రామజోగిని అడిగింది.

రామజోగి ఉలిక్కిపడ్డాడు. శాశ్వతంగా తొలగించాలంటే మంత్రివర్గ ఉపసంఘం ఆమోదం కావాలి. ఈ కార్యాలయానికి ఉన్నది తాత్కాలికంగా తొలగించే అధికారం మాత్రమే. పుస్తకం తిరగేసి, కళ్లజోడు తుడుచుకుని, చివరికి ఆయన చెప్పినట్టే ఆమె టైపు చేసింది. శంబంగి విశాలాక్షిని ఎనుబది తొమ్మిది దినముల కాలమునకు తొలగించడమైనది. తొంబదవ దినమున తొలగింపునకు విరామము. సదరు దినమున ఆమె విధులకు హాజరు కావలెను. మరునాటి నుండి పునః తొలగింపు.

తొలగింపుకు మొదటి విరామం డిసెంబరు పదిన వచ్చింది. విశాలాక్షి పది గంటలకు కార్యాలయానికి వెళ్లింది. హాజరుపట్టీలో మొదటి పేరు దారిమళ్లింపుది, ఎర్ర సిరాతో 'శాశ్వత' అని ఉంది. రెండో పేరు ఆమెది, పక్కన 'ఒక దినము'. సంతకం చేసింది. దానయ్య బల్ల ముందు నిలబడి ఉన్నాడు. పడవకు కొత్త ఇంజను పెట్టించాడు, కాగితంలో రాయించుకోవాలి. వారం నుంచి తిరుగుతున్నాడు, సైటు నత్తలా నడుస్తోందట.

"ఈయేళ నువ్వు ఉద్యోగివేనా అమ్మా?" అన్నాడు అనుమానంగా.

"ఈయేళే దానయ్యా. తొరగా కానిద్దాం" అంది ఆమె.

సర్వరు గదిలోకి వెళితే సమస్య తెలిసింది. ఆగస్టు నుంచి ఆ పెట్టె పట్టు శాలువా కప్పుకుని ఉడికిపోతోంది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. తను రాసిన వరుసను ఒకసారి తెరిచి చూసుకుంది. దాన్ని చెరిపెయ్యడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. దానయ్య వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆమె ఆ వరుసను అలాగే ఉంచి, దండ పుల్లలు ఏరి పారేసి, శాలువాను తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టింది. పావుగంటలో పెట్టె చల్లబడింది. దానయ్య కాగితం వచ్చింది.

సాయంత్రం అయిదింటికి ఆమె సంచిలోంచి శాలువా అంచు కనిపిస్తుంటే రామజోగి గుమ్మంలో ఆపాడు. అది దారిమళ్లింపు పేరున నమోదైన ఆస్తి అనీ, దాని అనుమతి లేనిదే బయటికి పోకూడదనీ అన్నాడు. విశాలాక్షి వాదించలేదు. వస్తువుల రిజిస్టరు తెమ్మంది. శాలువా నమోదైన వరుసకు ఎదురుగా 'ఇష్టపూర్వకముగా ఇచ్చివేయడమైనది' అని రాసి, కింద ఎప్పటిలాగే సంతకం పెట్టింది. దారిమళ్లింపు తరఫున, శం. విశాలాక్షి.

రామజోగి ఆ సంతకాన్ని పాత హాజరుపట్టీలో సంతకాలతో పోల్చి చూశాడు. సరిపోయింది. పక్కకు తప్పుకుని దారిచ్చాడు. బయట చలిగా ఉంది. విశాలాక్షి శాలువా తీసి భుజాల చుట్టూ కప్పుకుని బస్టాండు వైపు నడిచింది.